‘మా’ కప్పా, ‘మన’ కప్పా?

జట్టు మీద మమకారమే ఆటకు రుచి. ఆ రుచి విరసం కాకుండా చూడటంలో ఇంటికీ బడికీ పని ఉంది.

2025 జూన్ 3 రాత్రి అహ్మదాబాద్‌లో రాయల్ ఛాలెంజర్స్ బెంగళూరు జట్టు పంజాబ్ కింగ్స్‌ను 6 పరుగుల తేడాతో ఓడించి తొలిసారి ఐపీఎల్ కప్పు అందుకుంది. 2008లో మొదలైన ఎదురుచూపు పద్దెనిమిదో సీజన్‌లో ఫలించింది. మర్నాడు సాయంత్రం బెంగళూరులో చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర, విజేతలను చూడటానికి వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి 11 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది పాతికేళ్లు నిండనివాళ్లో, అప్పుడే దాటినవాళ్లో. టపాసుల పొగ చల్లారకముందే రాష్ట్రమంతా విషాదం కమ్ముకుంది.

బెంగళూరులో జరిగిన ఏదీ కోలారు జిల్లాకు దూరం కాదు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌లో వేలాది కుటుంబాలకు బతుకుతెరువు బెంగళూరే అయింది. మారికుప్పం నుంచి తెల్లవారుజామున కదిలే రైళ్లలో నిలబడి వెళ్లి, రాత్రికి అవే రైళ్లలో తిరిగి వచ్చే వాళ్ల ఇళ్లలో రాయల్ ఛాలెంజర్స్ అంటే టీవీలో కనిపించే జట్టు మాత్రమే కాదు, నాన్న పనిచేసే ఊరి జట్టు. అదే సమయంలో ఆ ఇళ్లలో చాలావాటిలో మాట్లాడే భాష తెలుగు. నంగలి దాటితే పలమనేరు, బేతమంగళం మీదుగా పోతే వి.కోట, ఇంకాస్త అవతల కుప్పం. చుట్టాలు అటు, జీతాలు ఇటు. పెద్దమ్మ కొడుకు సన్‌రైజర్స్ హైదరాబాద్ అంటాడు, పక్క లైనులో ఉండే తమిళ స్నేహితుడు చెన్నై సూపర్ కింగ్స్ అంటాడు. మన పిల్లవాడు ఎవరి పక్షం?

పెద్దలకు ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. పదేళ్ల పిల్లలకు మాత్రం చిన్నది కాదు. ‘నువ్వు ఎవరివాడివి’ అన్న ప్రశ్న వాళ్లకు మొదట ఎదురయ్యేది చాలాసార్లు ఇలా ఆట దగ్గరే.

ఒక నినాదం, రెండు అనువాదాలు

బెంగళూరు అభిమానులు ఏళ్ల తరబడి అరిచిన నినాదం అందరికీ తెలిసిందే: ‘ఈ సాలా కప్ నమ్దే’. దీన్ని తెలుగులో చెప్పమని ఐదో తరగతి పిల్లలను అడిగితే మంచి వ్యాకరణ పాఠం అవుతుంది. ‘ఈసారి కప్పు మాదే’ అనాలా, ‘ఈసారి కప్పు మనదే’ అనాలా?

కన్నడంలో ‘నావు’ ఒక్కటే. ఎదుటి మనిషి అందులో ఉన్నాడో లేడో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. తెలుగులో అలా కుదరదు. ‘మేము’ అంటే వింటున్న నువ్వు బయట ఉన్నావని అర్థం. ‘మనం’ అంటే నువ్వూ ఇందులో ఉన్నావని అర్థం. తమిళానికీ ‘నాంగళ్’, ‘నామ్’ అని ఈ తేడా ఉంది. కాబట్టి కన్నడం తడుముకోకుండా అనేసిన ‘నమ్దే’ దగ్గర తెలుగు పిల్లవాడు ఒక్క క్షణం ఆగి, ఎదురుగా ఉన్నవాణ్ని లోపలికి పిలవాలా, గుమ్మం దగ్గరే నిలబెట్టాలా అని తేల్చుకోవాల్సి వస్తుంది.

జట్టు మీద అభిమానం గురించి చెప్పుకోవలసిందంతా దాదాపు ఈ రెండు మాటల మధ్యే ఉంది. ఆట చూడటంలో ఆనందం ‘మన’ అనుకోవడంలో పుడుతుంది. ఆ ‘మన’ కాస్తా ‘మా’గా బిగుసుకుపోయిన చోట అది చెడుతుంది.

ఓడిపోయిన మూడు ఫైనళ్లు

కోలారు పిల్లలకు ఈ వ్యవహారం ఎందుకంత చిక్కుగా ఉంటుందో తెలియాలంటే బెంగళూరు జట్టు చరిత్ర ఒకసారి చూడాలి. 2008 ఏప్రిల్ 18న ఐపీఎల్ తొలి మ్యాచ్ బెంగళూరులోనే జరిగింది. కోల్‌కతా తరఫున బ్రెండన్ మెక్‌కల్లమ్ 158 పరుగులు కొట్టి అజేయంగా నిలిచాడు. బెంగళూరు 82కే ఆలౌటై 140 పరుగుల తేడాతో ఓడింది. సొంత మైదానంలో మొదటి రోజే ఆ దెబ్బ.

తర్వాత 2025కు ముందు ఆ జట్టు మూడుసార్లు ఫైనల్‌కు చేరి, మూడుసార్లూ ఓడింది. 2009లో జోహన్నెస్‌బర్గ్‌లో హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ చేతిలో 6 పరుగుల తేడాతో. ఆ రోజు అనిల్ కుంబ్లే 16 పరుగులిచ్చి 4 వికెట్లు తీసినా ఫలితం దక్కలేదు. 2011లో చెన్నైలో చెన్నై సూపర్ కింగ్స్ చేతిలో 58 పరుగుల తేడాతో. 2016 మే 29న సొంత చిన్నస్వామి మైదానంలోనే సన్‌రైజర్స్ హైదరాబాద్ చేతిలో 8 పరుగుల తేడాతో. 209 పరుగుల లక్ష్యానికి క్రిస్ గేల్, విరాట్ కోహ్లీ తొలి వికెట్‌కు 114 పరుగులు జోడించారు. కప్పు చేతికి వచ్చినట్టే అనుకున్నాక జారిపోయింది.

గమనించండి: రెండుసార్లు హైదరాబాద్, ఒకసారి చెన్నై. కన్నడం, తెలుగు, తమిళం పక్కపక్క ఇళ్లలో వినిపించే రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఛాంపియన్ రీఫ్స్ వీధుల్లో ఈ మూడు ఫైనళ్లూ ఇంటి తగాదాల్లాంటివి. ఒక గోడకు ఇటు సంబరం, అటు మౌనం. కొన్ని ఇళ్లలో ఆ గోడ కూడా లేదు. అన్న ఒక జట్టు, తమ్ముడు ఇంకో జట్టు.

మమకారం ఏం చేస్తుంది?

తనకు ఏ సంబంధమూ లేని రెండు జట్లు ఆడుతుంటే చూసేవాడు మంచి బంతిని, మంచి షాట్‌ను మెచ్చుకుంటాడు. పది నిమిషాల తర్వాత లేచి వెళ్లిపోయినా అతనికి లోటు ఉండదు. అదే మ్యాచ్‌లో తన జట్టు ఉంటే మామూలు బంతి కూడా మామూలుగా ఉండదు. క్రీడా వినోదం మీద పరిశోధన చేసిన డాల్ఫ్ జిల్‌మన్ సిద్ధాంతం సారం ఇదే: ఆట చూస్తే వచ్చే సంతోషం గెలిచినవాళ్లమీద, ఓడినవాళ్లమీద మనకున్న భావాన్ని బట్టి ఉంటుంది. ఇష్టమైనవాళ్లు గెలిస్తే ఆనందం. అయిష్టమైనవాళ్ల మీద గెలిస్తే మరింత ఆనందం. ఉత్కంఠ తోడైతే ఇక చెప్పనక్కర్లేదు.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ డాల్టన్, జార్జ్ మెక్‌కెరన్ వేలాది మంది ఫోన్లలో నమోదైన మనోస్థితి సమాచారాన్ని ఫుట్‌బాల్ మ్యాచ్‌ల ఫలితాలతో పోల్చి 2018లో ఒక పత్రం వెలువరించారు. తమ జట్టు గెలిచిన తర్వాతి గంటలో అభిమానికి కలిగే సంతోషం కంటే, ఓడిన తర్వాత కలిగే బాధ సుమారు రెట్టింపు అని వాళ్ల లెక్కలో తేలింది. అంటే లాభనష్టాల పట్టిక వేస్తే అభిమానం నష్టాల వ్యాపారం. మరి 17 సీజన్లు కప్పు లేకుండా గడిచినా బెంగళూరు అభిమానులు ఎందుకు నిలబడ్డారు?

జవాబు ఫలితంలో కాక ఫలితానికి ముందున్న సమయంలో దొరుకుతుంది. ఇద్దరు కలిసి ఎదురుచూడటం, బస్సులో అపరిచితుడిని స్కోరు ఎంతని చనువుగా అడగగలగడం, నిన్నటి ఓటమిని నలుగురితో పంచుకుని తేలికపడటం ఇవన్నీ అభిమానానికి దక్కే జీతం. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మర్రీ స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేనియల్ వాన్ దశాబ్దాలుగా చేసిన పరిశోధనల్లో పదేపదే కనిపించేది ఇదే: తమ ఊరి జట్టుతో గట్టి అనుబంధం ఉన్నవాళ్లలో ఒంటరితనం తక్కువ, నలుగురితో కలిసి ఉన్నామన్న భావన ఎక్కువ. జట్టు గెలవకపోయినా ఆ అనుబంధం పనిచేస్తూనే ఉంటుంది.

2024 ఏప్రిల్ 15 మ్యాచ్ మన జిల్లాలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చిన్నస్వామిలో సన్‌రైజర్స్ 3 వికెట్లకు 287 పరుగులు చేసింది. అప్పటికి ఐపీఎల్‌లో అదే అత్యధిక స్కోరు. ట్రావిస్ హెడ్ 39 బంతుల్లో శతకం కొట్టాడు. బదులుగా బెంగళూరు 262 దాకా వెళ్లి ఓడింది. దినేశ్ కార్తీక్ 35 బంతుల్లో 83 పరుగులు చేసి వెనుదిరిగినప్పుడు స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఒకే మ్యాచ్‌లో 549 పరుగులు. హైదరాబాద్ అభిమానికీ, బెంగళూరు అభిమానికీ, ఇద్దరినీ ఇష్టపడే కోలారు తెలుగు పిల్లవాడికీ ఆ రాత్రి ఏదో ఒకటి దక్కింది. నిజం చెప్పాలంటే అందరికంటే ఎక్కువ దక్కింది మూడోవాడికే.

కళ్లు ఒకటే, చూపు వేరు

మమకారం ఆటకు రుచి ఇవ్వడంతో ఆగదు. కంటికి కనిపించేదాన్ని కూడా మారుస్తుంది. 1951లో అమెరికాలో డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ మొరటుగా సాగింది. ఒక జట్టులో ముక్కు పగిలింది, మరో జట్టులో కాలు విరిగింది. ఆల్బర్ట్ హాస్టార్ఫ్, హ్యాడ్లీ కాంట్రిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రెండు కళాశాలల విద్యార్థులకూ ఒకే ఫిల్మ్ చూపించి తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ ఆటగాళ్లు చేసిన తప్పులు డార్ట్‌మత్ విద్యార్థులకు నాలుగు చిల్లర కనిపిస్తే, ప్రిన్స్‌టన్ విద్యార్థులకు అంతకు రెట్టింపు పైన కనిపించాయి. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు అలాగే కనిపించింది. ఈ పరిశోధన 1954లో అచ్చయింది. నేటికీ మనస్తత్వ శాస్త్ర పాఠాల్లో ఉంది.

ఎల్బీడబ్ల్యూ నిర్ణయం మన జట్టుకు వ్యతిరేకంగా వస్తే అంపైర్ గుడ్డివాడు, అనుకూలంగా వస్తే నిక్కచ్చి మనిషి. ఈ గుణం ఆటకే పరిమితమైతే నవ్వుకోవచ్చు. బడిలో తగవు వచ్చినప్పుడు, వీధిలో గొడవ జరిగినప్పుడు, ఎన్నికలప్పుడు కూడా మనం ఇదే కంటితో చూస్తాం. ఆ సంగతిని పిల్లలకు పెద్ద మాటలతో చెప్పే కంటే నిన్న రాత్రి మ్యాచ్‌తో చెప్పడం సులువు.

సర్వనామాల కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రాబర్ట్ సియాల్డీని, ఆయన సహచరులు 1976లో వెలువరించిన పరిశోధనలో అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులను గమనించారు. తమ జట్టు గెలిచిన తర్వాతి సోమవారం విశ్వవిద్యాలయం పేరున్న దుస్తులు ఎక్కువమంది వేసుకొచ్చారు. ఫోన్ చేసి ఏదైనా మ్యాచ్ గురించి అడిగితే, గెలిచినదాన్ని ‘మేం గెలిచాం’ అనీ, ఓడినదాన్ని ‘వాళ్లు ఓడిపోయారు’ అనీ చెప్పే ధోరణి కనిపించింది. గెలుపులో వాటా కావాలి, ఓటమిలో అక్కర్లేదు. లోకమంతా ఇంతే.

బెంగళూరు అభిమానులు ఈ విషయంలో లోకానికి కొంత భిన్నంగా నిలిచారు. ఓడినప్పుడు కూడా ‘నమ్దే’ అన్నారు. తమ మీద తామే హాస్యమాడుకుంటూ వచ్చే ఏడు చూద్దామన్నారు. ఇంటర్నెట్‌లో వాళ్లను ఎగతాళి చేయని జట్టు లేదు. అయినా ఆ మాట వదల్లేదు. పిల్లలకు నేర్పదగ్గ గుణం గెలిచిన రాత్రి కంటే ఈ 17 సీజన్లలోనే ఎక్కువ ఉంది.

అయితే ఆ ‘నమ్దే’లో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నదీ అడగాలి. రాయల్ ఛాలెంజర్స్‌కు తొలి కప్పు 2025లో వచ్చిందంటాం. 2024 మార్చి 17న మహిళల ప్రీమియర్ లీగ్ ఫైనల్‌లో ఢిల్లీ క్యాపిటల్స్‌ను 8 వికెట్ల తేడాతో ఓడించి స్మృతి మంధాన సారథ్యంలోని బెంగళూరు అమ్మాయిలు అంతకు ముందే కప్పు తెచ్చారు. ఆంధ్రకు చెందిన సబ్బినేని మేఘన ఆ సీజన్ బెంగళూరు బృందంలో ఉంది. తరగతిలో ‘బెంగళూరుకు మొదటి కప్పు ఎప్పుడు?’ అని అడిగి, పిల్లలు ఏ సంవత్సరం చెబుతారో చూడండి. ఆడపిల్లల గెలుపు మన ‘మన’లోకి వచ్చిందో లేదో తెలిసిపోతుంది.

భక్తికి పరీక్షలు పెట్టకండి

1990లో బ్రిటన్ కన్జర్వేటివ్ నాయకుడు నార్మన్ టెబ్బిట్ ఒక మాట అన్నాడు. భారత్, పాకిస్తాన్, కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు క్రికెట్‌లో ఏ జట్టును సమర్థిస్తున్నారో చూస్తే వాళ్లు ఈ దేశంలో కలిసిపోయారో లేదో తెలుస్తుందన్నది దాని సారాంశం. ‘క్రికెట్ పరీక్ష’గా పేరుపడిన ఆ వ్యాఖ్య మీద పెద్ద దుమారం రేగింది. ఇంగ్లండ్‌లో పుట్టి, అక్కడే చదివి, పన్ను కట్టి, ఆదివారం టీవీ ముందు కూర్చుని తండ్రి పుట్టిన ఊరి జట్టుకు చప్పట్లు కొట్టినంత మాత్రాన ఎవరి పౌరసత్వమూ తరగదు.

ఆ పరీక్షకు మన దగ్గర చిన్న నకళ్లు లేకపోలేదు. ‘కర్ణాటకలో ఉంటూ హైదరాబాద్ జట్టా?’ అని ఒకరు, ‘తెలుగు బడిలో చదువుతూ బెంగళూరు జట్టా?’ అని ఇంకొకరు. రెండు ప్రశ్నలూ వేసేది సాధారణంగా పెద్దలే, అదీ నవ్వుతూనే. కానీ అల్పసంఖ్యాక భాషకు చెందిన పిల్లలు నవ్వు వెనక ఏముందో పసిగట్టడంలో ఆరితేరినవాళ్లు. ఒక చోట ఒక జట్టు పేరు, మరో చోట మరో జట్టు పేరు చెప్పి తప్పించుకోవడం నేర్చుకుంటారు. ఇష్టాన్ని దాచుకోవడం అలా అలవాటవుతుంది. ఆట చూసే ఆనందాన్ని నిజంగా చంపేది ఓటమి కాదు, ఈ దాపరికమే.

ఈ జట్లకు భాష ఉందా అని అడిగితే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. సన్‌రైజర్స్ హైదరాబాద్ యజమాని చెన్నైకి చెందిన సన్ టీవీ నెట్‌వర్క్. 2009లో హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన సారథి ఆడమ్ గిల్‌క్రిస్ట్, 2016లో తెచ్చిన సారథి డేవిడ్ వార్నర్. ఇద్దరూ ఆస్ట్రేలియన్లు. 2025లో బెంగళూరు సారథి రజత్ పాటిదార్‌ది ఇండోర్. హైదరాబాద్ వీధుల్లో బౌలింగ్ నేర్చుకున్న మహమ్మద్ సిరాజ్ 2018 నుంచి 2024 దాకా బెంగళూరుకు ఆడాడు, 2025లో గుజరాత్‌కు వెళ్లాడు. హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ ముంబైకి ఆడుతున్నాడు. కర్ణాటక ఆటగాళ్లు కె.ఎల్. రాహుల్, మనీష్ పాండే, మయాంక్ అగర్వాల్ ముగ్గురూ ఏదో ఒక కాలంలో సన్‌రైజర్స్ చొక్కా తొడిగినవాళ్లే. డెక్కన్ ఛార్జర్స్ అయితే 2012 తర్వాత జట్టుగానే లేకుండా పోయింది. దాని అభిమానులు తమ ఇష్టాన్ని మూట గట్టుకుని సన్‌రైజర్స్ దగ్గర దించుకున్నారు.

కబడ్డీలో భాష పేరే పెట్టుకున్న జట్టు ఉంది: తెలుగు టైటాన్స్. అక్కడా ఇదే కథ. ప్రో కబడ్డీ ఆరో సీజన్‌లో బెంగళూరు బుల్స్‌ను విజేతగా నిలిపిన రైడర్ పవన్ సెహ్రావత్ ఢిల్లీవాడు. అతనే తర్వాత తెలుగు టైటాన్స్ సారథి అయ్యాడు. వేలంలో ఎవరు ఎక్కువ పాడితే ఆటగాడు వాళ్లవాడు. అందుకని అభిమానం బూటకమని కాదు. ఊరు, స్నేహితులు, ఒక ఆటగాడి తీరు, చొక్కా రంగు, నాన్నతో కలిసి చూసిన మొదటి మ్యాచ్, ఇలా ఏ దారినైనా అది పుట్టవచ్చు. భాష ఆ దారుల్లో ఒకటి. అదొక్కటే దారి అని శాసించే హక్కు ఎవరికీ లేదు.

మన రాజ్యాంగం 350ఎ అధికరణంలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతోంది. ఆ హక్కుకు ప్రతిఫలంగా ఎవరూ ఏ జట్టుకూ చప్పట్లు కొట్టనక్కర్లేదు. తెలుగు నేర్చుకుంటూ, కన్నడం నేర్చుకుంటూ, రెండు జట్లను ఇష్టపడే పిల్లవాడు ఎటూ కానివాడు కాడు. రెండు ఇళ్లలో చనువుగా తిరిగేవాడు.

మమకారం తప్పు కాదు, కానీ...

జూన్ 4 ఘటన తర్వాత ‘ఇదంతా అభిమాన పిచ్చి’ అన్నవాళ్లు ఉన్నారు. ఆ మాట తేలిక, న్యాయం కాదు. సుమారు 35 వేల మంది పట్టే స్టేడియం దగ్గరకు రెండు మూడు లక్షల మంది వచ్చారని ముఖ్యమంత్రే చెప్పారు. అంతమంది కదలలేని ఇరుకులో చిక్కుకుంటే, వాళ్లు వచ్చింది జాతరకైనా క్రికెట్‌కైనా ప్రమాదం ఒకటే. ఏర్పాట్లలో బాధ్యత ఎవరిదన్నది విచారణలు తేల్చాల్సిన విషయం. ప్రేమించి వచ్చినవాళ్ల మీదే నేరం మోపకూడదు. అదే సమయంలో, గేటు ముందు జనం ఒత్తుకుంటున్నప్పుడు వెనక్కి తిరగడం అభిమానానికి తక్కువ కాదని పిల్లలకు చెప్పాల్సిన బాధ్యత మనదే.

ఒకే మమకారం రెండు రకాలుగా ప్రవర్తించిన ఉదాహరణలు మన దేశంలోనే ఉన్నాయి. 1996 మార్చి 13న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్. భారత్ కుప్పకూలుతుంటే ప్రేక్షకులు సీసాలు విసిరి, స్టాండ్లలో నిప్పు పెట్టారు. మ్యాచ్ ఆపి శ్రీలంక గెలిచినట్టు ప్రకటించారు. 1999 జనవరి 31న చెన్నై చేపాక్‌లో పాకిస్తాన్‌తో టెస్టు. సచిన్ తెందూల్కర్ 136 పరుగులు చేసి అవుటయ్యాక భారత్ 12 పరుగుల తేడాతో ఓడింది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత చెన్నై ప్రేక్షకులు లేచి నిలబడి, మైదానం చుట్టూ తిరుగుతున్న పాకిస్తాన్ ఆటగాళ్లకు చప్పట్లు కొట్టారు.

చెన్నైవాళ్లకు భారత్ మీద ప్రేమ తక్కువ కాదు. ఓటమి వాళ్లను కుంగదీసింది కూడా. కానీ ఎదుటి జట్టు కూడా ఆ ఆటలో భాగమేనని, నాలుగు రోజుల ఆ అందం ఇద్దరూ కలిసి ఇచ్చిందని వాళ్లు గుర్తించారు. ఆ పూట చేపాక్‌లో ‘మా’ కాస్తా ‘మన’ అయింది. అభిమానాన్ని తగ్గించుకోవడం వల్ల కాదు, ఆట మీద ఉన్న ప్రేమ జట్టు మీద ఉన్న ప్రేమకు తోడైనందువల్ల.

బడిలో, ఇంట్లో చేయగలిగినవి

దీన్ని నీతిబోధగా మారిస్తే పిల్లలు వినరు. పనిగా మారిస్తే వింటారు. ఏ ఖర్చూ లేకుండా మన బడుల్లో చేయదగ్గవి కొన్ని ఉన్నాయి.

పెద్ద మ్యాచ్ జరిగిన మర్నాడు రెండు జట్ల అభిమానులను ఒక్కొక్కరిని ఎంచి, ఒక్కో పేజీ మ్యాచ్ కథనం తెలుగులో రాయించండి. రెండూ తరగతిలో చదివించండి. ఒకరు రాసి మరొకరు వదిలేసినవి ఏవో మిగతావాళ్లు పట్టుకోవాలి. డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ పరిశోధన మన నల్లబల్ల మీదకు వచ్చినట్టే. తర్వాత అదే కథనాన్ని కన్నడంలో చెప్పించండి. ‘నమ్మ’ను తెలుగు చేసే దగ్గర ఆగే ఆ క్షణం భాషాపాఠానికి బంగారం.

గెలిచిన జట్టు అభిమాని మాట్లాడే ముందు ఎదుటి జట్టులో తనకు నచ్చిన ఒక్క ఆటను చెప్పాలన్న నియమం పెట్టండి. మొదట మొహమాటంగా ఉంటుంది. నెల తిరిగేసరికి పిల్లలు ఎదుటి జట్టును జాగ్రత్తగా చూడటం మొదలుపెడతారు. అలా చూసేవాడికి ఆట ఇంకాస్త ఎక్కువ దక్కుతుంది.

బడి ఆటల్లో జట్లు వేసేటప్పుడు భాష, వీధి, కులం ఒక్కచోట పోగుపడకుండా కలిపి వేయండి. ఈ వారం ఎదుటి జట్టులో ఉన్నవాడు వచ్చే వారం మన జట్టులో ఉంటే ‘మనం’ అన్న మాటకు అర్థం దానంతట అదే విశాలమవుతుంది. బయటి బడులతో పోటీ ఉన్నప్పుడు ఆడని పిల్లలను కూడా తీసుకెళ్లండి. తెరమీద కనిపించే జట్టుకంటే తమ బెంచీ మీద కూర్చునే స్నేహితుడు ఆడే ఖోఖో మీద మమకారం తక్కువేం ఉండదు. పైగా అక్కడ వాళ్ల చప్పట్లు ఆటగాడికి వినిపిస్తాయి.

ఇంట్లో తల్లిదండ్రులకు రెండు మాటలు. తన జట్టు ఓడి పిల్లవాడు ముఖం ముడుచుకుంటే ‘ఆటే కదా, దానికేంటి’ అని కొట్టిపారేయకండి. ఓటమి బాధ గెలుపు సంతోషానికి రెట్టింపని పైన చెప్పుకున్నాం. ఆ బాధ నిజమైనదే. ఏ ఓవర్‌లో మ్యాచ్ చేజారిందో చెప్పమని అడగండి చాలు. మాట్లాడుతూ మాట్లాడుతూ తేరుకుంటాడు. చదువులో, ఉద్యోగంలో రేపు ఎదురయ్యే ఓటములకు ఇంతకంటే చవకైన సాధన ఉండదు. ఇక ఐపీఎల్ వచ్చేదీ పరీక్షల కాలంలోనే. రాత్రి ఏడున్నరకు మొదలైన మ్యాచ్ పదకొండు దాటుతుంది. మొత్తం వద్దని గొడవపడే కంటే, వారంలో ఏ మ్యాచ్ చివరిదాకా చూడాలో పిల్లలనే ఎంచుకోనివ్వండి. ఇష్టమైనదాన్ని ఎంచుకుని, దానికోసం ఆగడం కూడా ఆనందంలో భాగమే.

డబ్బు విషయంలో మాత్రం మెతకదనం వద్దు. ఫోన్‌లో జట్టు కట్టి పందెం కాసేవాడికి ఏ జట్టూ తనది కాదు. ఇటు ఇద్దరు, అటు ముగ్గురు అతని లెక్కలో అంకెలు. పందెం కూడా ఉత్కంఠను ఇస్తుంది, నిజమే. కానీ ఓడిన రాత్రి పక్కన ఎవరూ ఉండరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం ఉందని పెద్దలు నిశ్చింతగా ఉండటానికి లేదు. పిల్లల చేతిలో ఉన్నది మన ఫోనే.

బంగారు గనుల కోసం ఒకప్పుడు వేర్వేరు భాషలవాళ్లు ఈ నేలకు వచ్చారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఛాంపియన్ రీఫ్ గనిలోకి వాళ్లు దిగింది ఒకే షాఫ్టులో, పక్కపక్కన నిలబడి. అక్కడ పక్కవాడి భాష ఏదైనా అతని జాగ్రత్త మీద తన ప్రాణం ఆధారపడి ఉండేది. వాళ్ల మనవలు, మనవరాళ్లు ఇవాళ వేర్వేరు జట్ల చొక్కాలు వేసుకుని ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు. ఎవరి జట్టు వాళ్లకు ఉండనివ్వండి, గట్టిగానే ఉండనివ్వండి. కప్పు ఒక ఏడాది ‘మాది’ కావచ్చు, మరో ఏడాది ‘మీది’ కావచ్చు. ఆట మాత్రం ఎప్పుడూ మనదే.